‘ఫలానావారి భార్య’ అని ఆపేయకండి

తెనాలిలో విగ్రహం చేయించుకోవడం కష్టమేమీ కాదు. ఫొటోలిచ్చి, ఎత్తు చెప్పి, బయానా కడితే చాలు. శిల్పి ముందు బంకమట్టితో నమూనా చేస్తాడు. మనల్ని పిలిచి చూపిస్తాడు. మీసం కాస్త దట్టంగా ఉండాలంటే ఉంచుతాడు, కండువా మడత ఎడమ భుజం మీదికి రావాలంటే తెస్తాడు. తర్వాత అచ్చు తీసి, ఫైబరుతోనో కంచుతోనో పోత పోసి లారీ ఎక్కిస్తాడు. ఈ ఊరి శిల్పుల చేతుల్లో తయారైన నాయకులు రాష్ట్రమంతటా కూడళ్లలో నిలబడి ఉన్నారు. ఆ పనితనానికి నేను దణ్ణం పెడతాను. నా కోపం ఆ శిల్పుల మీద కాదు, ఆర్డరిచ్చే మన మీద. చెయ్యెత్తి నిలబడ్డ ఆ పెద్దమనుషుల్లో ప్రతి ఒక్కరూ ఒక ఇంట్లోంచే బయటికొచ్చారు. ఆ ఇంటిని నిలబెట్టిన మనిషి గురించి మనకు ఒక్క ముక్క తెలియదు. తెలుసుకోవాలన్న బాధ కూడా లేదు.

నాయకుల జీవిత చరిత్రలు, షష్టిపూర్తి సంచికలు, శతజయంతి సావనీర్లు ఏవైనా తెరిచి చూడండి. ఆయన పుట్టిన ఊరు, తాతగారి వంశం, చదివిన బడి, చదువు చెప్పిన మాస్టారు, వెళ్లిన జైలు, గెలిచిన మెజారిటీ, ఓడిన తేడా అన్నీ ఉంటాయి. ఆయన భార్య దగ్గరికొచ్చేసరికి ఒకే వాక్యం. ఆయన విజయాల వెనుక ఆమె సహకారం ఎనలేనిదట. ఎనలేనిది అంటే లెక్కపెట్టనిది అనే అర్థం చెప్పుకోవాలి, ఎందుకంటే ఎవరూ లెక్కపెట్టలేదు. ఎంతమందికి వండిపెట్టింది, ఏ నగ తాకట్టు పెట్టింది, ఏ బిడ్డను ఒంటరిగా ఆస్పత్రికి మోసుకెళ్లింది, భర్త ఏ నిర్ణయాన్ని వద్దని వాదించింది, ఎక్కడ ఓడిపోయింది, ఎక్కడ గెలిచింది? ఇవేవీ రాయనివాడు ఆయన జీవితాన్ని కూడా సగమే రాశాడు. ఆ సగం పుస్తకాన్ని శాలువాలు కప్పి ఆవిష్కరిస్తున్నాం.

మన వేమూరు మనిషి కొణిజేటి రోశయ్యగారు ముఖ్యమంత్రి అయ్యారు, 2011 నుంచి 2016 దాకా తమిళనాడు గవర్నరుగా ఉన్నారు. ఆయన పదహారు బడ్జెట్లు ప్రవేశపెట్టిన సంగతి ఈ ప్రాంతంలో చిన్నపిల్లాడిని అడిగినా చెబుతాడు. ఆ ఇంటి ఇల్లాలు పల్లెటూరి లోగిలి నుంచి చెన్నై రాజ్‌భవన్ దాకా నడిచిన దారి గురించి మనలో ఎవరు నాలుగు వాక్యాలు చెప్పగలరు? నేను చెప్పలేను. ఇన్ని పత్రికలు, ఇన్ని చానెళ్లు, ఇన్ని సన్మానాలు ఉన్న కాలంలోనే ఈ సంగతి ఇలా ఉంటే, నూటయాభై ఏళ్ల కిందటి ఆడవాళ్ల గతి ఏమిటో ఊహించుకోవచ్చు.

ఊహ అక్కర్లేదు. రెండు జీవితాలు పక్కపక్కన పెట్టి చూద్దాం. ఒకటి అమెరికాలోది, ఒకటి మన గోదావరి ఒడ్డుది.

టెనెసీ రాష్ట్రంలో గ్రీన్‌విల్ అనే చిన్న ఊరు. చెప్పులు కుట్టేవాడి కూతురు ఎలైజా మెకార్డిల్. 1827 మే నెలలో, పదహారేళ్ల వయసులో, ఆండ్రూ జాన్సన్ అనే దర్జీ కుర్రవాణ్ణి పెళ్లాడింది. అతనికి పద్దెనిమిది. బడి గడప తొక్కినవాడు కాదు. అక్షరాలు కూడబలుక్కుని చదవడం అప్పటికే వచ్చు. రాయడం, లెక్కలు చేయడం మెరుగుపరిచింది మాత్రం ఆమె. అతను బట్టలు కుడుతుంటే పక్కన కూర్చుని నేర్పేదని ఆ ఊరివాళ్లు చెప్పుకున్నారు. ఆ దర్జీ ఊరి పెద్ద అయ్యాడు, శాసనసభకు వెళ్లాడు, 1853లో టెనెసీ గవర్నరయ్యాడు. గవర్నరుగారు నాష్‌విల్‌లో ఉంటే గవర్నరుగారి భార్య ఎక్కువ కాలం గ్రీన్‌విల్‌లోనే ఉంది. ఐదుగురు పిల్లలు, ఇల్లు, పొలం, దానికితోడు క్షయ.

అంతర్యుద్ధం వచ్చింది. జాన్సన్ యూనియన్ పక్షాన నిలబడ్డాడు, అతని ఊరు తిరుగుబాటు సైన్యం చేతుల్లో ఉంది. భర్త చేసిన రాజకీయానికి 1862లో శిక్ష ఆమెకు పడింది. ఊరు ఖాళీ చేసి పొమ్మన్నారు. దగ్గుతో, నీరసంతో, పిల్లల్ని వెంటబెట్టుకుని, శత్రు సైనికుల మధ్య నుంచి నాష్‌విల్ చేరింది. మరుసటి ఏడు కొడుకు చార్లెస్ గుర్రం మీంచి పడి చనిపోయాడు. 1865లో లింకన్ హత్యతో జాన్సన్ అధ్యక్షుడయ్యాడు. ఆమె వైట్‌హౌస్‌లో మేడమీది గదికి పరిమితమైంది, అతిథి మర్యాదలు కూతురు మార్తా చూసుకుంది. ఆ గది నుంచే పత్రికలు చదివి, భర్త చూడవలసిన వార్తలు కత్తిరించి పెట్టేదంటారు. 1868లో అభిశంసన విచారణలో అతను ఒక్క ఓటు తేడాతో బయటపడ్డాడు. 1875 జూలైలో అతను పోతే, ఆరు నెలలైనా తిరక్కుండా 1876 జనవరిలో ఆమె పోయింది.

చరిత్ర ఆమెకిచ్చిన బిరుదు ఏమిటి? రోగిష్టి మనిషి, బయటికి రాని మనిషి. అధ్యక్షుడి చేతికి కలం పట్టు నేర్పిన మనిషిని మంచానికి కట్టేసి ఒక పేరాలో ముగించారు. ఇలా జరగడానికి చట్టం కూడా తోడైంది. ఆ దేశంలో ఆ రోజుల్లో పెళ్లయిన స్త్రీకి చట్టం దృష్టిలో వేరే ఉనికి లేదు. ఆమె సంపాదన, ఆస్తి భర్తవి. 1839లో మిసిసిపీ, 1848లో న్యూయార్క్ ఆస్తి విషయంలో కొంత సడలించాయి. దేశమంతటా ఓటు రావడానికి 1920 దాకా ఆగాల్సి వచ్చింది. కాగితం మీద లేని మనిషి గురించి కాగితాలెవరు దాస్తారు?

ఇప్పుడు మన ఒడ్డుకొద్దాం. ఎలైజా నాష్‌విల్‌కు వలసపోయేనాటికి రాజమండ్రి దగ్గర కాతేరులో పుట్టిన బాపమ్మ అనే పిల్లకు పదేళ్లు. 1851లో పుట్టింది. పెళ్లి అప్పటికే అయిపోయింది. అత్తవారింట్లో పేరు మార్చారు, రాజ్యలక్ష్మి అయింది. పుట్టిన పేరు కూడా మిగలని చోట జీవితం మొదలుపెట్టిందన్నమాట. ఆ భర్త కందుకూరి వీరేశలింగం.

1874లో వివేకవర్ధని పత్రిక, అదే ఏడు ధవళేశ్వరంలో ఆడపిల్లల బడి, ఆ తర్వాత వితంతు వివాహ ఉద్యమం. పాఠ్యపుస్తకంలో ఇవన్నీ ఆయన చేసిన పనుల పట్టికగా చదువుకున్నాం. 1881 డిసెంబరు 11న రాజమండ్రిలో ఆయన ఇంట్లో మొదటి వితంతు వివాహం జరిగింది, గోగులపాటి శ్రీరాములు, గౌరమ్మల పెళ్లి. పరీక్షలో ఈ తేదీ రాస్తే మార్కులొస్తాయి. ఆ రోజు ఆ ఇంట్లో నీళ్లెవరు తెచ్చారని ఏ పరీక్షలోనూ అడగరు.

అడగాలి. పెళ్లి ఖాయమని తెలియగానే ఊరు వెలి వేసింది. పురోహితులు రామన్నారు. వంటవాళ్లు మానేశారు. నీళ్లు మోసేవాళ్లు మానేశారు. బంధువులు గడప తొక్కడం మానేశారు. ఇంటినిండా పెళ్లి జనం, కాపలాకొచ్చిన విద్యార్థులు, గొడవ జరుగుతుందన్న భయంతో పోలీసులు. ఇంతమందికీ నీళ్లు కావాలి, అన్నం కావాలి. ముప్పై ఏళ్ల రాజ్యలక్ష్మి బిందె తీసుకుని గోదావరికి వెళ్లింది. డిసెంబరు చలిలో రేవు మెట్లు దిగి, బిందె ముంచి, చంకనెత్తుకుని, తిట్లు తింటూ వీధులు దాటి ఇంటికి తెచ్చింది. మళ్లీ వెళ్లింది. తెచ్చిన నీళ్లతో తనే వండింది, తనే వడ్డించింది. ఆ బిందెలు రాకపోతే ఆ పెళ్లి జరగదు. ఉపన్యాసాలు ఎన్నున్నా, శాస్త్ర ప్రమాణాలు ఎన్ని చూపించినా, కాకినాడ నుంచి పైడా రామకృష్ణయ్యగారు ఎంత ధనం పంపినా, పెళ్లివారికి అన్నం పెట్టే మనిషి లేకపోతే ఆ పందిరి కిందే ఉద్యమం ఆగిపోయేది. తెలుగునాట వితంతు వివాహానికి పునాది వేసినవాళ్లలో ఆమె ఒకరు. సాయపడినవాళ్లలో ఒకరు అని రాయడం అబద్ధం.

భర్తను వదిలి వచ్చేయమని పుట్టింటివైపు వాళ్లు పిలిచారు. వెళ్లలేదు. ఆ తర్వాత ముప్పై ఏళ్ల దాకా ఆ ఇంటికి దిక్కులేని వితంతువులు వస్తూనే ఉన్నారు. గర్భంతో వచ్చినవాళ్లకు పురుళ్లు పోసింది. వాళ్లు వదిలి వెళ్లిన బిడ్డల్ని పెంచింది. తనకు కడుపున పిల్లలు లేరు. ఆ ఇంట్లో ఏడ్చిన ప్రతి పసిబిడ్డకూ తల్లి తనే. వీరేశలింగంగారు ఊళ్లు తిరిగి సభల్లో మాట్లాడుతుంటే, ఆ మాటలు నమ్మి ఇల్లు వదిలి వచ్చిన ఆడపిల్లలు తలుపు తట్టింది ఆమె గుమ్మాన. ఆ పిల్లల జ్వరాలు, భయాలు, అలకలు, పెళ్లి కుదరక పడిన అవమానాలు ఆమె చేతుల మీదుగా నడిచాయి. 1906లో హితకారిణీ సమాజం పెట్టి ఆ దంపతులు ఉన్నదంతా దానికి రాసిచ్చారు. 1910 ఆగస్టులో ఒక రాత్రి ఆమె నిద్రలోనే వెళ్లిపోయింది. ఆయన మరో తొమ్మిదేళ్లు బతికారు.

ఒక మాట వీరేశలింగంగారి తరఫున చెప్పాలి. ఆయన ఆమెను దాచలేదు. ఆమె చేసిన పని గురించి మనకు ఇవాళ తెలిసిందంటే ఆయన తన స్వీయ చరిత్రలో ఆమెను తలచుకున్నందువల్లే. కుదించింది తర్వాతి తరాలవాళ్లం. ఆయనను యుగకర్తను చేసి, ఆమెను సహనదేవతను చేశాం. దేవతను చేయడం కూడా చెరపడమే. దేవతకు చేతులు బొబ్బలెక్కవు, కోపం రాదు, ఇంత కష్టం నాకెందుకని ఒక పూట కూడా అనిపించదు. రాజ్యలక్ష్మికి ఇవన్నీ ఉండి ఉంటాయి. తన మాటల్లో తన కథ మనకు మిగలలేదు. ఇది చిన్న నష్టమా?

తెనాలివాళ్లం ఇది రాజమండ్రి గొడవని పక్కకు తప్పుకోలేం. ఆడదానికీ శరీరం ఉంది, మెదడు ఉంది, హృదయం ఉంది అని గొంతెత్తిన చలం ఈ ఊళ్లో తాతగారింట పెరిగినవాడు. చలం మావాడని ఛాతీ విరుచుకుంటాం. భార్య రంగనాయకమ్మను చదివించాలని సైకిలు మీద బడికి తీసుకెళ్లాడని, బంధువులు మండిపడ్డారని గర్వంగా చెప్పుకుంటాం. ఆ కథలో ధైర్యమంతా సైకిలు తొక్కినవాడికే ఇచ్చేశాం. వెనక కూర్చున్న అమ్మాయి సంగతి? వీధి వీధంతా గుమ్మాల్లోకొచ్చి చూస్తుంటే, సొంత తండ్రే కోప్పడుతుంటే, పుస్తకాలు ఒళ్లో పెట్టుకుని రోజూ అలా కూర్చోడానికి ఆమెకు ఎంత గుండె కావాలి? ఆ తర్వాత ఆయన జీవితం తిరిగిన ప్రతి మలుపులో ఆమెకు ఏమయింది? ఆమె మనకు ఆయన వాక్యాల్లోంచే కనిపిస్తుంది. స్త్రీ స్వేచ్ఛను అంతగా కోరిన రచయిత ఇంట్లోనే స్త్రీ గొంతు మనదాకా రాలేదంటే, మిగతా ఇళ్ల మాట చెప్పనక్కర్లేదు.

రణరంగ చౌక్ దగ్గర నిలబడండి. 1942 ఆగస్టు 12న క్విట్ ఇండియా ఉద్యమంలో పోలీసు కాల్పులకు ఏడుగురు అక్కడ ప్రాణాలిచ్చారు. ఏటా ఆగస్టులో దండలు వేస్తాం, వేయాలి. ఆ ఏడు ఇళ్లలో మర్నాడు పొయ్యి ఎవరు వెలిగించారు, పోలీసుల సోదాలను ఎవరు ఎదుర్కొన్నారు, ఎవరు ఎన్నేళ్లు ఎలా నెట్టుకొచ్చారు అన్నది కూడా స్వాతంత్ర్య చరిత్రే. దానికి దండ లేదు సరే, కనీసం ఒక పేజీ అయినా ఉందా? ఇన్ని ఆగస్టులు గడిచాయి. అడిగితే చెప్పగలిగినవాళ్లు ఒక్కొక్కరే వెళ్లిపోయారు.

దీనికి మనవాళ్లు ఎప్పుడూ చెప్పే సమాధానాలు నాకు తెలుసు. ఆవిడకు ప్రచారం ఇష్టం ఉండేది కాదండీ, అంటారు. ఆవిడను ఎవరడిగారు? ఆయన సభలో ఉపన్యసిస్తుంటే ఆవిడను వంటింట్లో ఉంచి, బయటికి రాకపోవడాన్ని ఆవిడ ఇష్టంగా రాసుకున్నాం. ఇంటి ఆడవాళ్ల సంగతులు బజారున పెట్టడం మర్యాద కాదని ఇంకొందరంటారు. ఇంటి ఆడవాళ్ల చేత వందమందికి వండించడం మర్యాదే అయినప్పుడు ఆ వండిన చేతి పేరు చెప్పడం అమర్యాద ఎలా అవుతుంది? రాయడానికి ఆధారాలేవండీ అని పండితులు అడుగుతారు. ఆయన రాసిన ప్రతి పోస్టుకార్డునూ భద్రపరిచి, ఆమె రాసిన ఉత్తరాలను పాత కాగితాలవాడికి తూకానికి వేసి, ఇప్పుడు ఆధారాలు లేవనడం దొంగే సాక్ష్యం అడిగినట్టుంది.

ఈ రోగం పాతకాలంతో పోలేదు. మన రాష్ట్రంలో స్థానిక సంస్థల్లో సగం స్థానాలు ఆడవాళ్లకు కేటాయించారు. ఓటు ఆమె పేరున పడుతుంది, గెలుపు పత్రం ఆమె పేరున వస్తుంది. ఊళ్లోకి వెళ్లి సర్పంచ్‌గారు ఎక్కడ అంటే ఆమె భర్తను చూపిస్తారు. ఫ్లెక్సీలో ఆయన బొమ్మ నిలువెత్తున, ఆమె బొమ్మ మూలన బిళ్లంత. ఆయనకు పదవి ఉన్నప్పుడు ఆమె ఆయన నీడ. ఆమెకు పదవి వచ్చినప్పుడు ఆయనే పదవి. ఒక తెలుగు ఊరి గ్రామసభలో సర్పంచ్ కుర్చీలో భర్త కూర్చుని ఉండగా, సంతకం కోసం రిజిస్టరు లోపలి గదికి వెళ్లి రావడం నేను కళ్లారా చూశాను. ఎలైజా జాన్సన్ మేడమీది గదికీ ఈ లోపలి గదికీ నూటయాభై ఏళ్ల దూరముందంటే నేను నమ్మను.

ఇదంతా కొత్తగా కనిపెట్టిన బాధ కూడా కాదు. నందిగామ దగ్గర పెనుగంచిప్రోలులో 1874లో పుట్టిన భండారు అచ్చమాంబ ఈ పనికి ఎప్పుడో పూనుకుంది. బడికి వెళ్లలేదు. తమ్ముడు కొమర్రాజు లక్ష్మణరావు చదువుకుంటుంటే పక్కన కూర్చుని తనూ నేర్చుకుంది. ఎలైజా పక్కన కూర్చుని నేర్పితే, అచ్చమాంబ పక్కన కూర్చుని నేర్చుకుంది. కన్న బిడ్డలు దక్కలేదు. ఆ దుఃఖంతోనే కూర్చుని ‘అబలా సచ్చరిత్ర రత్నమాల’ రాసింది, తెలుగులో స్త్రీల జీవిత చరిత్రలను అలా కూర్చిన మొదటి స్త్రీ. ఊళ్లు తిరిగి ఆడవాళ్లను సమావేశపరిచి మాట్లాడింది. మూడు భాగాలు రాయాలని, మూడో భాగంలో పరదేశాల స్త్రీల కథలు చెప్పాలని అనుకుంది. 1905లో, ముప్పై ఏళ్లకే పోయింది. మూడో భాగం రాలేదు. ఒక తెలుగు ఇల్లాలు, సదుపాయం లేని కాలంలో, ఏ విశ్వవిద్యాలయం జీతమూ లేకుండా ఆ పని మొదలుపెట్టింది. ఇవాళ ఇన్ని విశ్వవిద్యాలయాలు, ఇన్ని అకాడమీలు, చేతిచేతికీ రికార్డింగు ఉన్న ఫోన్లు పెట్టుకుని మనం ఆ పనిని ఆమె వదిలినచోటే వదిలేశాం.

కాబట్టి ఈ ఊరివాళ్లను, చుట్టుపక్కల వేమూరు, కొల్లూరు, దుగ్గిరాల, చేబ్రోలువాళ్లను, రేపల్లె, బాపట్లవాళ్లను అడుగుతున్నాను. నాయకుడి పుస్తకం వేసేవాళ్లు ఆయన ఇల్లాలి మీద ఒక అధ్యాయం లేకుండా అచ్చుకు పంపకండి. అధ్యాయం రాయలేకపోతే పుస్తకం ఆపండి. ఎవరి పేరునైనా గ్రంథాలయానికి కాగితాలిస్తుంటే ఆమె పద్దుల పుస్తకం, ఉత్తరాలు, పాటల నోటు కూడా అందులో పెట్టండి. పాత పెట్టె ఖాళీ చేసే ముందు ఒక్కో కాగితం విప్పి చూడండి. సర్పంచ్‌ను కలవడానికి వెళ్తే ఎన్నికైన మనిషితోనే మాట్లాడతామని పట్టుబట్టండి. ఇంట్లో ఎనభై దాటిన అమ్మమ్మో నాయనమ్మో ఉంటే ఈ వారమే పక్కన కూర్చోండి. తాతగారి గురించి అడగకండి, అవి అందరికీ తెలుసు. ఆమె పుట్టిన పేరేమిటో, ఏం చదవాలనుకుందో, ఎవరు ఆపారో, దేనికి కోపం వచ్చిందో అడగండి. ఆమె చెప్పింది చెప్పినట్టు రాసుకోండి. మంచిగా కనిపించాలని దిద్దకండి.